అమ్మకి సముద్రంలో సూర్యాస్తమయం చూపించాలి - సెయింట్ థామస్‌లో ప్రైవేట్‌గా సగం రోజు ట్రిప్, ఐడియాలు కావాలి

గోదారోడు_చార్లెట్ రాసింది:

అందరికీ నమస్తే. డిసెంబర్ లాస్ట్ వీక్‌లో కరీబియన్ సముద్రంలో ఉన్న వర్జిన్ ఐలాండ్స్ వెళ్తున్నాం, అమెరికా వైపు ఐలాండ్స్, చార్లెట్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్ దొరికింది. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు (7, 3), రాజమండ్రి నుంచి వచ్చిన అమ్మ నాన్న. నాలుగు రాత్రులు సెయింట్ థామస్‌లోనే ఉంటాం.

అసలు విషయం ఏంటంటే మా అమ్మ పుట్టి పెరిగింది అంతర్వేది దగ్గర, సముద్రం కొత్తేం కాదు, కానీ మన తీరమంతా తూర్పు వైపే కదా, సూర్యుడు సముద్రంలోంచి లేవడమే చూసింది గానీ మునగడం 66 ఏళ్ళలో ఒక్కసారి కూడా చూళ్ళేదంట. ఆ మాట ఏదో మాటల్లో అంది, అప్పట్నుంచి నాకు అది పట్టుకుంది. ఒక మధ్యాహ్నం మొత్తం అమ్మ కోసమే పెట్టి బీచ్, తర్వాత సన్‌సెట్, అలా ప్లాన్ చేద్దామని.

ప్రైవేట్ ఎందుకంటే, అమ్మ చీరతోనే నీళ్ళలోకి దిగుతుంది, చుట్టూ జనం ఉంటే ఒడ్డున కూర్చుండిపోతుంది తప్ప కదలదు. మోకాళ్ళు కూడా అంతంత మాత్రం. నాన్నకి ఈత రాదు, ఒప్పుకోరు. బోటు మాట్లాడాలా, ప్రైవేట్ బీచ్ ఏమైనా అద్దెకి దొరుకుతుందా? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఐ797_బాధితుడు:

బ్రో బోటు బీచ్ తర్వాత, ముందు కాగితాల సంగతి. నీది హెచ్‌వన్ (ఉద్యోగం వీసా) అయితే పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపింగ్ ఎక్స్‌పైర్ అయిందా? అయినా పర్లేదు, మెయిన్‌ల్యాండ్ నుంచి నేరుగా సెయింట్ థామస్ వెళ్ళి నేరుగా వస్తే అమెరికా దాటినట్టు కాదు. కానీ తిరుగు ఫ్లైట్ ఎక్కేముందు అక్కడ ఎయిర్‌పోర్ట్‌లో సీబీపీ (అమెరికా బోర్డర్ చెకింగ్) వాళ్ళు చూస్తారు, సిటిజెన్ కాకపోతే పాస్‌పోర్ట్, ఐ-797 (హెచ్‌వన్ అప్రూవల్ కాగితం), ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) ప్రింట్ అన్నీ చేతిలో ఉండాలి. అమ్మగారు నాన్నగారివి కూడా పాస్‌పోర్ట్‌లు, ఐ-94లు. డొమెస్టిక్ కదా అని డ్రైవింగ్ లైసెన్స్ ఒక్కటే జేబులో పెట్టుకుని వెళ్ళావంటే అయిపోయావ్. నాకు తెలుసు, నా పేరు ఊరికే పెట్టుకోలేదు.

టాంపా_అక్క:

మేము మూడేళ్ళ కింద వెళ్ళాం తమ్ముడూ. చాలా బావుంటుంది. బోటే బెస్ట్ నా ఉద్దేశంలో, కెప్టెన్ ఉంటాడు, మన ఫ్యామిలీ తప్ప ఎవరూ ఉండరు, మధ్యాహ్నం ఎక్కితే తాబేళ్ళ దగ్గర ఆపుతారు, స్నార్కెలింగ్, తిరిగొచ్చేటప్పుడు సన్‌సెట్. ప్రైవేట్ అంటే అదే ప్రైవేట్. బ్రిటిష్ వైపు జోస్ట్ వాన్ డైక్ కూడా దగ్గరే, వైట్ బే అని ఇసుక పిండిలా ఉంటుంది, అక్కడికి కూడా తీసుకెళ్తారు.

ఐ797_బాధితుడు:

అక్కా ఆగండాగండి!! బ్రిటిష్ వైపు అంటే వేరే దేశం. కళ్ళెదురుగా కనిపిస్తాయి గానీ అటు వెళ్ళొస్తే అమెరికాలోకి మళ్ళీ కొత్తగా ఎంటర్ అయినట్టే. స్టాంప్ ఎక్స్‌పైర్ అయినవాళ్ళకి కెనడా, మెక్సికోకి 30 రోజుల్లోపు వెళ్ళి పాత స్టాంప్‌తోనే తిరిగొచ్చే వెసులుబాటు హెచ్‌వన్‌కి ఈ ఐలాండ్స్‌కి వర్తించదు. సాయంత్రం సన్‌సెట్ చూడ్డానికెళ్ళి అక్కడే ఉండిపోయి రోజూ సన్‌సెట్ చూసుకోవాలి.

గోదారోడు_చార్లెట్:

😂😂 నా స్టాంప్ ఎప్పుడో అయిపోయింది బ్రో, బ్రిటిష్ వైపు ఆలోచన ఇప్పుడే చంపేశాను. థాంక్స్. అక్కా బోటు ఐడియా నచ్చింది, ఆరుగురం కదా, సరిపోతుందా? ఇంకో విషయం, మా బావమరిది కూడా అట్లాంటా నుంచి వస్తానంటున్నాడు.

నీలిసముద్రం:

ఫ్లోరిడాలో ఉంటాను, సెయిలింగ్ నా పిచ్చి, అటు నాలుగైదు సార్లు పోయొచ్చాను కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను.

మొదటిది, ఆరు అనేది గుర్తు పెట్టుకోండి. అక్కడ చిన్న చార్టర్ బోట్లలో ఎక్కువ శాతం కోస్ట్ గార్డ్ రూల్ ప్రకారం డబ్బులిచ్చి ఎక్కే ప్యాసెంజర్లు ఆరుగురికి మించి ఎక్కించుకోకూడదు, సిక్స్ ప్యాక్ అంటారు. మూడేళ్ళ పిల్ల కూడా ఒక మనిషే లెక్క, ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాం అంటే కుదరదు. మీ బావమరిది వచ్చాడంటే ఏడు. అప్పుడు ఇన్‌స్పెక్షన్ అయిన పెద్ద బోటు కావాలి, రేటు కూడా అలాగే ఉంటుంది.

రెండోది గాలి. డిసెంబర్ చివర్నుంచి జనవరి దాకా అక్కడ తూర్పు గాలులు బాగా గట్టిగా కొడతాయి, అక్కడివాళ్ళు క్రిస్మస్ విండ్స్ అంటారు. మాలాంటి వాళ్ళకి పండగ. కడుపులో తిప్పేవాళ్ళకి నరకం. మీ అమ్మగారికి పడవ అలవాటే కదా అనొచ్చు, గోదాట్లో పంటు వేరు, ఇది వేరు.

మూడోది, ఇదే ఎవరూ చెప్పరు, బోటు ఒడ్డు దాకా రాదు. ఈత కొట్టేవాళ్ళ కోసం బీచ్ ముందు బోయ్‌లు (నీళ్ళ మీద తేలే గుర్తులు) కట్టి ఉంటాయి, దాని బయటే ఆపుతారు. అక్కడ్నుంచి నిచ్చెన దిగి నీళ్ళలో ఈదుకుంటూ పోవాలి, లేదా డింగీ అనే చిన్న పడవలోకి దిగాలి. మోకాళ్ళ నొప్పులున్న ఆవిడ చీరతో ఊగుతున్న నిచ్చెన దిగి మళ్ళీ ఎక్కడం... మీరే ఊహించుకోండి. నేను మా అత్తగారిని ఒకసారి అలా ఎక్కించాను. ఆ కథ ఇంట్లో ఇప్పటికీ నడుస్తోంది.

టాంపా_అక్క:

అవును మర్చేపోయా, మా వదిన మొత్తం ట్రిప్ బోటు అంచు పట్టుకునే ఉంది పాపం. మాది ఏప్రిల్‌లో, అప్పటికే అలా ఉంది.

ఓరుగల్లు_అన్న:

తమ్మి, ప్రైవేట్ బీచ్ అని ఎవడన్న పైసలు అడిగితే ఇయ్యకు. ఆడ సముద్రం ఒడ్డు ఎవ్వరిది కాదు, అందరిది, గది చట్టమే. హోటల్ ముంగట ఉన్న బీచ్‌ల గూడ పోయి కూసోవచ్చు, కుర్చీలు మాత్రం వాళ్ళవి. నేను సెయింట్ థామస్‌ల రెండేండ్లు పని చేసిన, ఏ పని అని అడగకుండ్రి. ప్రైవేట్ అంటే జాగ కాదు, టైం. క్రూజ్ షిప్‌లు పొద్దున వస్తయి, ఒక్కోదాంట్ల వేలమంది, అందరు ట్యాక్సీలల్ల పడి మేగెన్స్ బే, ట్రంక్ బే పోతరు, తిరనాళ్ళ లెక్క ఉంటది. మూడు దాటినంక షిప్ పోతదేమో అని అందరు ఉరుకుతరు. నాలుగు గొట్టేసరికి గదే బీచ్‌ల కుక్క గూడ ఉండది. షిప్‌ల షెడ్యూల్ నెట్ల ఉంటది, అవి తక్కువున్న రోజు సూస్కొని మధ్యాహ్నం రెండున్నరకి పో. ఫ్రీగ ప్రైవేట్.

గోదారోడు_చార్లెట్:

అన్నా ఇది సూపర్ పాయింట్. మరి ఏ బీచ్?

బుల్లిపిట్ట:

పక్క ఐలాండ్ సెయింట్ జాన్ వెళ్ళండి, వేరే ఆలోచనే వద్దు! సెయింట్ థామస్‌లో రెడ్ హుక్ అనే రేవు నుంచి ఫెర్రీ 20 నిమిషాలు, క్రూజ్ బేలో దిగుతారు, అక్కడ్నుంచి ట్యాక్సీ. ఐలాండ్‌లో సగానికి పైగా నేషనల్ పార్కే, 1956లో రాక్‌ఫెల్లర్ కుటుంబంలో ఒకాయన కొనిచ్చిన భూమితో మొదలుపెట్టారు, అందుకే బీచ్‌ల వెనక హోటళ్ళు లేకుండా అంతా అడివిలా ఉంటుంది. మాహో బే అయితే ఆంటీకి కరెక్ట్, రోడ్డు పక్కనే ఇసుక, కారు దిగి పది అడుగులేస్తే నీళ్ళు, మోకాళ్ళ లోతు చాలా దూరం దాకా, అలలుండవు, పచ్చ తాబేళ్ళు వచ్చి నీళ్ళడుగున గడ్డి మేస్తుంటాయి (ముట్టుకోకూడదు, నేరం). పడమర వైపు తిరిగి ఉంటుంది కాబట్టి సన్‌సెట్ కూడా అక్కడే. మేం జూన్‌లో వెళ్ళాం, సూర్యుడు నీళ్ళ మీద దిగాడు, నా ఫోన్ వాల్‌పేపర్ అదే ఇప్పటికీ.

అంకుల్‌కి చరిత్ర ఇష్టమైతే మాహో దాటి కొంచెం వెళ్తే ఆనబర్గ్ అని డెన్మార్క్ వాళ్ళ కాలం నాటి చెరకు మిల్లు శిథిలాలున్నాయి. గోడల్లో పగడపు రాళ్ళు కనిపిస్తాయి. ఆ ఐలాండ్స్‌ని డెన్మార్క్ వాళ్ళు 1917లో అమెరికాకి రెండున్నర కోట్ల డాలర్లకి అమ్మేశారు.

గోదారోడు_చార్లెట్:

ఆనబర్గ్ అనగానే నాన్న లేచి కూర్చున్నారు 😀 మాహోనే ఫిక్స్ అనుకుంటున్నా. ఫెర్రీ, ట్యాక్సీ, మాహో, సన్‌సెట్, రిటర్న్ ఫెర్రీ.

నీలిసముద్రం:

ఒక్క డౌట్. బుల్లిపిట్ట గారు జూన్‌లో వెళ్ళారు, మీరు డిసెంబర్‌లో వెళ్తున్నారు. రెండింటికీ సూర్యుడు ఒకే చోట దిగడు. ఆ అక్షాంశంలో జూన్‌లో అసలైన పడమర నుంచి దాదాపు 25 డిగ్రీలు ఉత్తరానికి జరిగి దిగుతాడు, డిసెంబర్‌లో అంతే దక్షిణానికి. మాహో ఉన్నది ఐలాండ్‌కి ఉత్తరపు ఒడ్డున, దక్షిణం వైపంతా కొండలే. మ్యాప్ తీసి గీత గీసి చూడండి, డిసెంబర్‌లో మీ సూర్యుడు నీళ్ళలోకి కాదు, కొండ వెనక్కి పోయేలా ఉన్నాడు.

బుల్లిపిట్ట:

అయ్యో నిజమా?? ఇంతదాకా ఆలోచించనే లేదు. ఆకాశం రంగులైతే వస్తాయిగా అయినా?

గోదారోడు_చార్లెట్:

రంగులు కాదండీ, మునగడం కావాలి అమ్మకి. కొండ వెనక్కి పోవడం పాపికొండల్లో కావలసినంత చూసింది.

నవ్వొచ్చే విషయం చెప్పనా, ఈ మెసేజ్ చదివి నేను మ్యాప్ ముందేసుకుని కోణమానిని కోసం పిల్లాడి బ్యాగ్ వెతుకుతుంటే అమ్మ ఏంట్రా అని అడిగింది. చెప్పాను. ఓస్ దానికేముందిరా, ధనుర్మాసం కదా, దక్షిణాయనం చివర, ఈ నెలలో మన డాబా మీద్నుంచి చూస్తే సూర్యుడు సుబ్బరాజు గారి కొబ్బరి చెట్ల వెనక దిగుతాడు, ఎండాకాలంలో అయితే ఇటు గుడి వైపు దిగుతాడు, వడియాలు ఎక్కడ ఎండెయ్యాలో తెలియక నలభై ఏళ్ళు కాపురం చేశానా అంది. నేను ఇంజనీరింగ్ చదివాను మరి.

ఓరుగల్లు_అన్న:

అమ్మకు దండం 🙏🙏

టాంపా_అక్క:

వడియాల ఆస్ట్రానమీ 😂 ఇది నా స్టేటస్‌గా పెట్టుకుంటా.

ఓరుగల్లు_అన్న:

ఇగ ఇను తమ్మి. మీరందరు పేరున్న బీచ్‌లే సూస్తున్నరు. సెయింట్ థామస్‌లనే, ఎయిర్‌పోర్ట్ పక్కపొంటి, యూనివర్సిటీ ముంగట బ్రూవర్స్ బే అని ఉంటది. టూరిస్టులు తక్కువ, ఊరోళ్ళు వస్తరు. పడమర-నైరుతి దిక్కు ఓపెన్ ఉంటది, నువ్వు అడిగిన డిసెంబర్ సూర్యుడు ఆడ సముద్రం దిక్కే దిగుతడు. రోడ్డు పక్కనే ఇసుక, చెట్ల నీడ, నీళ్ళు లోతు లేవు, తాబేళ్ళు గూడ వస్తయి గడ్డి మెయ్యనీకి. ఫెర్రీ లేదు, బోటు లేదు, నీ హోటల్ షార్లెట్ అమేలీ (ఆడి పెద్ద టౌన్) దిక్కైతే ట్యాక్సీల జెల్దినే పోవచ్చు. ఇమానాలు మాత్రం దగ్గర్నుంచే దిగుతయి, చప్పుడు ఉంటది. పిల్లలకు అదే తమాష.

నీలిసముద్రం:

మ్యాప్‌లో చూశాను. నైరుతి వైపు గీత గీస్తే దగ్గర్లో అడ్డం ఏమీ లేదు. ఓరుగల్లు అన్న గారు గెలిచారు.

టైం కూడా చెప్తాను. అక్కడ అట్లాంటిక్ టైం, గడియారం మార్చరు, కాబట్టి చలికాలంలో చార్లెట్ కంటే గంట ముందుంటుంది. డిసెంబర్ చివర్లో సూర్యాస్తమయం ఆరుకి ముందే, 5:50 దాటగానే. అది కూడా ఉష్ణమండలం కదా, సూర్యుడు దాదాపు నిటారుగా దిగుతాడు, మీ చార్లెట్‌లోలా అంతసేపు సంధ్య వెలుగు ఉండదు, ఇరవై పాతిక నిమిషాల్లో చీకటి. చెప్పులు, పిల్లల బట్టలు అన్నీ ముందే సర్దేసి కూర్చోండి.

టాంపా_అక్క:

సామాను సంగతి నేను చెప్తా. సన్‌స్క్రీన్ ఇక్కడ్నుంచి పట్టుకెళ్ళేముందు వెనకాల చదువు. ఆక్సిబెంజోన్, ఆక్టినాక్సేట్, ఆక్టోక్రిలీన్ ఈ మూడింట్లో ఏది ఉన్నా అక్కడ 2020 మార్చి నుంచి బ్యాన్, పగడాలకి హాని అని. జింక్ ఆక్సైడ్ ఉన్నది కొను, పూసుకుంటే విభూతి పెట్టినట్టు తెల్లగా ఉంటుంది, ఆంటీకి ఇబ్బందేం ఉండదులే. సూర్యుడు దిగే టైంకి ఇసుక దోమలు, కంటికి కనపడవు, కాళ్ళ మీద కుట్టి కుట్టి పెడతాయి, పిల్లలకి ప్యాంట్లు వేసెయ్.

ఇంకోటి సీరియస్‌గా. ఆ ఐలాండ్స్‌లో మాంచినీల్ అని చెట్టుంటుంది బీచ్ పక్కనే, చిన్న పచ్చ యాపిల్ లాంటి కాయలు కింద రాలి ఉంటాయి. ప్రాణాంతకం. కాయ కొరకడం కాదు, వాన పడుతుంటే ఆ చెట్టు కింద నిలబడినా కారే పాలకి ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. మన అమ్మలకి కింద రాలిన కాయ కనిపిస్తే తీసి కొంగుతో తుడిచి వాసన చూసే అలవాటుంది కదా, ముందే చెప్పి పెట్టు.

ఆర్కేబీచ్_అబ్బాయి:

ఇంత ఖర్చెందుకు భయ్యా గోవా తీసుకెళ్ళొచ్చుగా రాజమండ్రి నుంచి 🙄

గోదారోడు_చార్లెట్:

తీసుకెళ్ళాలి అని పదేళ్ళ నుంచి అనుకుంటూనే ఉన్నాను భయ్యా. అదే బాధ.

అందరికీ థాంక్స్. బోటు క్యాన్సిల్, బ్రూవర్స్ బే ఫైనల్. సెయింట్ జాన్‌కి ఇంకో రోజు పొద్దున్నే వెళ్తాం నాన్న కోసం. వచ్చాక రాస్తాను.

ఓరుగల్లు_అన్న:

ట్యాక్సీ ఎక్కేముందే రేటు మాట్లాడుకో, ఆడ మనిషికి ఇంత అని గవర్నమెంట్ పెట్టిన లెక్క ఉంటది, బండికి కాదు. వాపస్ టైం గూడ చెప్పి డ్రైవర్ నంబర్ తీస్కో, చీకటి పడ్డంక ఆడ బండి దొరకది. కారు కిరాయికి తీస్కుంటే ఎడమ పక్క నడపాలె, స్టీరింగ్ గూడ ఎడమ పక్కనే ఉంటది, పరేషాన్ అయితవ్.

*(జనవరి 4)*

గోదారోడు_చార్లెట్:

వచ్చేశాం. ఆలస్యానికి సారీ, ఆఫీస్‌లో మెయిల్స్ కుప్పపడి ఉన్నాయి.

మొదటిరోజు మధ్యాహ్నం రెండున్నరకే బ్రూవర్స్ బే వెళ్ళాం. అన్న చెప్పినట్టే, స్థానికుల కుటుంబాలు రెండు మూడు, ఒక పెద్దాయన వల బాగు చేసుకుంటున్నాడు, అంతే. అమ్మ అరగంట చెట్టు కింద కూర్చుని చుట్టూ చూసి, ఎవరూ తనని చూడట్లేదని నమ్మకం కుదిరాక చీర కుచ్చిళ్ళు దోపుకుని దిగింది, ఇంక రాదు బయటికి. పిల్లలు పిలిచినా రాదు. తాబేలు తల పైకెత్తి ఊపిరి పీల్చుకుని మళ్ళీ మునిగితే, ఇది మన అంతర్వేదిలో గుడ్లు పెట్టడానికొచ్చే దాని చుట్టమేరా అంది. నాన్న ప్యాంటు మడిచి పాదాలు తడుపుకున్నారు, అది ఆయన సాహసం. పులిహోర, అరటికాయ చిప్స్.

ఐదున్నరకి అందరం వరసగా కూర్చున్నాం ఫోన్లు పట్టుకుని. మబ్బు. ఆకాశమంతా క్లీన్‌గా ఉంది, సరిగ్గా నీళ్ళ మీద మాత్రం ఒక బారెడు మందాన నల్లటి మబ్బు, సూర్యుడు దాంట్లోకి దూరి ఇంక బయటికి రాలేదు. నా మొహం చూసి మా ఆవిడ ఏం మాట్లాడలేదు. అమ్మ అయితే పోన్లేరా ఇంత దూరం వచ్చాం ఎర్రగా అయినా కనబడింది అంది, ఆ మాట ఇంకా గుచ్చుకుంది.

కానీ అడ్వాన్స్ కట్టిన బోటు కాదు కదా. మూడో రోజు సెయింట్ జాన్ నుంచి మధ్యాహ్నం ఫెర్రీకి వచ్చేసి, ఏమీ సర్దకుండా ఉత్త చాప ఒకటి తీసుకుని అదే డ్రైవర్‌ని పిలిచి ఐదుకి మళ్ళీ వెళ్ళాం. ఆయన కూడా బండి దిగొచ్చి మాతో పాటు నిలబడ్డాడు. ఆ రోజు నీళ్ళ దాకా ఒక్క పోగు మబ్బు లేదు. కింద అంచు నీళ్ళకి తగలగానే సూర్యుడు కుండలా అయ్యాడు, తర్వాత సగం పళ్ళెం, తర్వాత గోరంత. నీలిసముద్రం గారు అన్నట్టు నిటారుగా, గబగబా. మొత్తం రెండు మూడు నిమిషాలు. నేను వీడియో తీయడంలో పడి సగం స్క్రీన్‌లోనే చూశాను, అది నా తెలివి.

అమ్మ చాలాసేపు ఏం అనలేదు. తర్వాత, "లేచేటప్పుడు అంత హడావిడి చేస్తాడు, పోయేటప్పుడు చప్పుడే లేదే" అంది. అంతే. లేచి చాప దులిపింది.

టాంపా_అక్క:

చదువుతుంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి తమ్ముడూ. సెయింట్ జాన్ ఎలా ఉంది మరి?

గోదారోడు_చార్లెట్:

బావుంది అక్కా, పొద్దున తొమ్మిదికే మాహోలో ఉన్నాం కాబట్టి జనం లేరు. ఆనబర్గ్‌లో నాన్న బోర్డులన్నీ ఒక్కొక్కటీ చదివారు, 1733లో బానిసలు తిరగబడి నెలల తరబడి ఐలాండ్‌ని పట్టుకున్నారన్న కథ మాకందరికీ రెండుసార్లు చెప్పారు. అక్కడ రోడ్డు దాటుతూ ముంగిస కనపడింది! ఎలకల కోసం చెరకు తోటలవాళ్ళు తెచ్చారంట, 1872లో జమైకాకి ఇండియా నుంచే వచ్చాయంట మొదట. ఎలకలు తిరిగేది రాత్రి, ఇవి తిరిగేది పగలు, రెండూ కలవనే కలవవు. నాన్న మాత్రం ముంగిస ఎదురైంది, శకునం బావుంది, ఇవాళ మబ్బుండదు అన్నారు. అదే రోజు సాయంత్రం మబ్బు లేదు కాబట్టి ఇంక ఆయన్ని ఆపలేం.

ఐ797_బాధితుడు:

ఎయిర్‌పోర్ట్‌లో?

గోదారోడు_చార్లెట్:

నువ్వు చెప్పినట్టే బ్రో, అన్నీ అడిగారు, అన్నీ ఉన్నాయి, ఐదు నిమిషాలు. పక్కనే వాళ్ళు లైసెన్స్ తప్ప ఏం లేదని ఫోన్‌లో ఫొటోలు వెతుక్కుంటున్నారు పాపం. ఒక్కటే గొడవ, అమ్మ సెయింట్ జాన్‌లో చింతచెట్టు కింద రాలిన కాయలు ఏరి పర్సులో పెట్టుకుంది, అగ్రికల్చర్ చెకింగ్ ఉంటుందని లైన్‌లో ఉండగా చెప్పాను. లైన్‌లోనే ఒలిచి తినేసింది, నాకూ ఒకటి పెట్టింది.

ఆర్కేబీచ్_అబ్బాయి:

పుల్లగా ఉందా మనదాన్లా?

గోదారోడు_చార్లెట్:

మనదే భయ్యా. కొంచెం తీపెక్కువ.